మంగలికత్తి: తోలు పట్టా, సానరాయి, సంరక్షణ

మంగలికత్తి అంటే పిడిలోకి మడిచిపెట్టే, ఒకే పక్క వాదర ఉండే గడ్డం కత్తి. వాడి పారేసే బ్లేడు దీనికి ఉండదు. ఉన్న ఉక్కే అరిగి సన్నబడేదాకా పనిచేయాలి. అందుకే ఈ కత్తితో గడ్డం గీయడం సగం విద్య అయితే, దాని పదును నిలుపుకోవడం మిగతా సగం. గీసే ముందు ప్రతిసారీ తోలు పట్టా మీద లాగాలి. కొన్ని నెలలకోసారి సానరాయి మీద నూరాలి. పని అయ్యాక తడి చుక్క మిగలకుండా తుడిచి దాచాలి. కొత్తగా పట్టినవాళ్ళు ఎక్కువగా చెడగొట్టేది మొదటి పనినే. గడ్డం ఈ కత్తిని మొద్దుబార్చడానికి వారాలు తీసుకుంటుంది. తోలు మీద ఒక్క వంకర తిప్పు ఆ పని క్షణంలో చేసేస్తుంది.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని సింగరేణి బొగ్గుగనుల ప్రాంతాన్ని కళ్ళముందు పెట్టుకుని రాసిన వ్యాసం ఇది. కత్తి ఎక్కడైనా కత్తే. అయితే బొగ్గు దుమ్ము, వేసవి ఎండ, గోదావరి ఒడ్డు వానాకాలపు చెమ్మ, మూడు షిఫ్టుల బతుకు ఉన్నచోట దాన్ని చూసుకునే తీరు కొంత మారుతుంది.

మాటలు, భాగాలు

సంస్కృతంలో ఈ కత్తి క్షురం. క్షౌరం, క్షురకుడు అన్నవి అందులోంచి వచ్చినవే, మన నోట క్షవరం అయింది కూడా అదే. ఉర్దూలో ఉస్తరా. తెలుగు క్రియ గొరగడం, తెలంగాణలో గీసుడు. కత్తి, కత్తెర, దువ్వెన, గోరుగల్లు, చిన్న అద్దం, నీళ్ళ గిన్నె కలిపి పెట్టుకునే సంచిని అడపం అనేవారు. వృత్తివారు తమను నాయీబ్రాహ్మణులు అని పిలుచుకుంటారు, పిలవమంటారు. 'మంగలి' అన్న మాటను జనం తిట్టుగా వాడి చెడగొట్టారు. ఈ వ్యాసంలో 'మంగలికత్తి' అన్నది నిఘంటువుల్లో పనిముట్టుకు ఉన్న పేరుగా మాత్రమే.

కత్తి భాగాలను ముందే గుర్తు పెట్టుకుంటే తర్వాతి సంగతులు తేలిక. దళసరిగా ఉండే పైభాగం వెన్ను. తెగే అంచు వాదర. వాదరలో పిడి దగ్గరి చివర మడమ, అవతలి చివర కొస. వేలు ఆనించడానికి పిడి వెనక బయటికి వచ్చే ఉక్కు ముక్క తోక. రెండు పలకల పిడి కొమ్ముదో, కర్రదో, ప్లాస్టిక్‌దో కావచ్చు. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. ఐదు వంతులంటే దాదాపు 16 మి.మీ., ఆరు వంతులంటే 19 మి.మీ. కొత్తవారికి ఈ రెండింటిలో ఏదైనా సరే. అంతకన్నా వెడల్పయినది ముక్కు కింద తిరగదు. రెండు పక్కలా ఉక్కును లోపలికి ఎంత తోడారన్నదాన్ని బట్టి కత్తి స్వభావం మారుతుంది. బాగా తోడిన పలుచని కత్తి గడ్డం మీద సన్నగా మోగుతుంది, కానీ చేయి బరువైతే వంగుతుంది. తోడకుండా వెన్ను నుంచి వాదర దాకా తిన్నని వాలుగా ఉంచిన పాతకాలపు కత్తి బరువైనది, గట్టి గడ్డానికి మంచిది, నూరడానికి మాత్రం ఓపిక కావాలి.

ధూళికట్ట నుంచి కోనసముద్రం దాకా

పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలంలో ధూళికట్ట ఉంది. శాతవాహనుల కాలపు కోట, బౌద్ధ స్తూపం అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. స్తూపం ఉన్నచోట భిక్షువులు, భిక్షువులు ఉన్నచోట గుండు, గుండు ఉన్నచోట కత్తి తప్పవు. సంప్రదాయం ప్రకారం భిక్షువు దగ్గర ఉండదగిన ఎనిమిది వస్తువుల్లో క్షురం ఒకటి. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం ఇంకా వివరంగా వెళ్ళింది. కత్తితోపాటు కత్తి నూరే రాయిని, కత్తి ఒరను, ఉన్ని గుడ్డను కూడా అనుమతించింది. పాళీలో రాయి పేరు ఖురసిల, ఒర పేరు ఖురసిపాటిక. కత్తి ఇచ్చి ఊరుకుంటే చాలదని, దాన్ని నూరుకోవడానికీ దాచుకోవడానికీ ఏర్పాటు ఉండాలని రెండు వేల ఏళ్ళకు పైబడిన ఆ నియమావళికి తెలుసు. బుద్ధుడు పోయిన తర్వాత జరిగిన తొలి భిక్షుసభలో (సంగీతిలో) ఈ వినయాన్ని అప్పజెప్పిన ఉపాలి, శాక్యుల ఇంటి క్షురకుడే. క్షౌర పనిముట్ల గురించి ఆ గ్రంథానికి అంత పట్టింపు ఎందుకో ఊహించుకోవడం కష్టం కాదు.

ఉక్కు సంగతికి వస్తే ఉత్తర తెలంగాణకు సొంత చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము పెట్టి కరగించి ఉక్కు ముద్దలు తీసేవారు. పారశీక వర్తకులు వాటికోసం అంతదూరం వచ్చేవారు. హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు అక్కడికి వెళ్ళి ఈ పద్ధతిని చూసి రాసుకున్న వర్ణన 1832లో కలకత్తాలో అచ్చయింది. కరీంనగర్, జగిత్యాల వైపు కూడా ఇలాంటి పాత ఇనుప పనుల చిట్టెపు దిబ్బలు కనబడతాయి. 'ఉక్కు' అన్న దక్షిణాది మాటే ఇంగ్లీషువాళ్ళ నోట 'వూట్జ్' అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు 1794లో బొంబాయి నుంచి ఈ ఉక్కు నమూనాలను లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ దాన్ని చూసి, పదునైన పనిముట్లకు ఇంతకన్నా మంచి ఉక్కు తన చేతికి తగలలేదన్నాడు.

ఆ స్టోడార్ట్‌తో కలిసి మైఖేల్ ఫారడే 1818 ప్రాంతం నుంచి నాలుగైదేళ్ళు ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. విద్యుత్తు పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫారడేనే ఆయన. భారతదేశపు ఉక్కు గుట్టు ఏమిటో తేల్చి, వేరే లోహాలు కలిపి దాన్ని మించాలని వాళ్ళ ఆలోచన. అయిదు వందల పాళ్ళ ఉక్కుకు ఒక పాలు వెండి కలిపి చూశారు, ప్లాటినం, రోడియం కలిపి చూశారు. వచ్చిన ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చాడు. ఉక్కు నాణ్యత చూడాలంటే గడ్డం కత్తిని మించిన పరీక్ష లేదని ఆ ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో జోలింగెన్ ఈ కత్తులకు పేరుమోశాయి. కోనసముద్రం కొలిములు చల్లారాయి.

కత్తి కొట్టును విడిచిన తీరు

ఊళ్ళో చెట్టు కిందో, ఇంటి అరుగు మీదో కూర్చోబెట్టి, నీళ్ళు చల్లి గడ్డాన్ని బొటనవేలితో రుద్ది నాననిచ్చి గీయడం పాత పద్ధతి. ఏడాది చివర పంటలో ఇంత అని గింజలు కొలిచేవారు. తోలు ముక్క దొరక్కపోతే అరచేతి మీదే కత్తిని అటూ ఇటూ తిప్పి పదును సరిచేసేవారు. చూస్తే గుండె గుభేలుమనే ఆ పనిని కొత్తవాళ్ళు చూడటంతోనే ఆపెయ్యాలి.

గనుల ఊళ్ళలో ఆ గింజల లెక్క చెల్లలేదు. జీతాల ఊళ్ళు కాబట్టి కుర్చీ, అద్దం, రేటు పట్టికతో కటింగ్ షాపులు వెలిశాయి. అమెరికాలో కింగ్ జిలెట్ 1904లో పేటెంటు పొందిన వాడి పారేసే బ్లేడు ఇళ్ళలోకి ముందే వచ్చింది. షాపుల్లో మాత్రం మంగలికత్తిని దించేసింది సౌకర్యం కాదు, భయం. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో బయటపడ్డాయి. ఆ తర్వాతి ప్రచారంలో 'ఒక్కొక్కరికి ఒక్కో కొత్త బ్లేడు' అన్నది సామాన్యుడికీ నోటికొచ్చిన నియమమైంది. ఇప్పుడు షాపులో కనబడేది చూపుకు అదే కత్తి, లోపల సగం విరిచిన బ్లేడు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు ఇస్తోంది. ఆ కరెంటుతో నడిచేది ట్రిమ్మరు. తోలు పట్టా చాలా షాపుల్లో మేకుకు కూడా లేదు. బ్లేడుతో ఆరోగ్యం నిలిచింది, అది సరైన మార్పే. కానీ పట్టా మీద చేయి తిరిగిన వయసు మళ్ళినవారితోపాటు ఆ చేతివాటం కూడా తగ్గిపోతోంది. ఈ కత్తిని ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు షాపువాళ్ళు కాదు, సొంతంగా గీసుకోవాలని సరదాపడే ఇంటి మనుషులు.

వాదర దగ్గర జరిగేది

మంచి మంగలికత్తి వాదర మందం మైక్రాను కన్నా తక్కువ. గడ్డం వెంట్రుక దానికి వంద రెట్లు లావు. ఉక్కు వెంట్రుకకన్నా దాదాపు యాభై రెట్లు గట్టిది. అయినా మొద్దుబారుతుంది. ఎందుకన్నదానికి చాలాకాలం అంచు నలిగి గుండ్రమవుతుందని చెప్పుకునేవారు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద బ్లేడుతో వెంట్రుకలు కోసి చూసి, 2020 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో వేరే కారణం చెప్పారు. ఉక్కు లోపలి నిర్మాణం అంతటా ఒకేలా ఉండదు. వెంట్రుక ఏటవాలుగా వచ్చి, ఉక్కులో గట్టిచోటూ మెత్తచోటూ కలిసే దగ్గర తగిలితే అంచు చిన్న పెచ్చుగా ఊడిపోతుంది. వాళ్ళు వాడినది బ్లేడు ఉక్కు. కార్బన్ ఉక్కు కత్తికి అంకెలు తేడా రావచ్చు. అయినా నేర్చుకోవాల్సింది ఉంది. వెంట్రుక బాగా నాని మెత్తబడితే, చర్మం బిగుతుగా పట్టుకుంటే వెంట్రుక వంగే వీలు తగ్గుతుంది, అంచుకు దెబ్బా తగ్గుతుంది. కత్తి సంరక్షణ మొదలయ్యేది గోరువెచ్చని నీళ్ళ దగ్గరే.

పట్టా చేసేది పదును పెట్టడం కాదు. ఈ ఒక్క మాట మనసులో పడితే సగం తప్పులు తప్పుతాయి. సానరాయి ఉక్కును అరగదీసి కొత్త అంచు తెస్తుంది. తోలు ఉన్న అంచును శుభ్రం చేసి, పక్కకు ఒరిగిన సన్నని రేకును నిలబెట్టి, నునుపు తెస్తుంది. పెచ్చు ఊడినచోట తోలు ఏమీ చేయలేదు. మొద్దుబారిన కత్తిని పట్టా మీద మూడొందలసార్లు లాగినా అది నునుపైన మొద్దుకత్తి అవుతుంది, అంతే.

పట్టా

కొక్కేనికి తగిలించి లాగి పట్టుకునే పొడవాటి తోలు పట్టీ సాధారణ రూపం. ఒక ముఖం తోలు, రెండోది నార లేదా కాన్వాసు గుడ్డ. గుర్రపు తోలు మెరుగైనదని పేరు. ఆవు, గేదె తోలు కూడా నునుపుగా, మచ్చల్లేకుండా ఉంటే చక్కగా పనిచేస్తాయి. కొత్తవారు ఖరీదైన తోలు కొనకూడదు. మొదటి పట్టా గాట్లు పడటానికే పుడుతుంది. వెడల్పు మూడంగుళాలుంటే వాదర మొత్తం ఒకేసారి ఆనుతుంది. రెండంగుళాల పట్టా అయితే లాగేటప్పుడు మడమ నుంచి కొస దాకా జరిగేలా కొంచెం వాలుగా తీయాలి.

పట్టా కొక్కెం నడుము ఎత్తున ఉండాలి. ఎడమ చేత్తో పట్టాను సాగదీసి పట్టుకోవాలి. తీగలా బిగించనక్కరలేదు, నడుమ ఊయలలా జారితే మాత్రం పనికిరాదు. జారిన పట్టా వాదరను చుట్టుకుని దాని కోణాన్ని గుండ్రం చేస్తుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కత్తి మెడను (వాదరకూ పిడికీ నడుమ ఉన్న ఉక్కు భాగాన్ని) రెండు పక్కలా పట్టాలి, దారపుకండెను వేళ్ళ మధ్య దొర్లించినట్టు తిప్పడానికి వీలుగా.

కత్తిని పట్టా మీద పూర్తిగా పడుకోబెట్టాలి. వెన్ను, వాదర రెండూ ఒకేసారి తోలును తాకాలి. అప్పుడు వెన్ను ముందు, వాదర వెనక ఉండేలా మన నుంచి అవతలికి తోయాలి. చివర ఆగి, వెన్ను మీదే దొర్లించి కత్తిని రెండో పక్కకు తిప్పి, మళ్ళీ వెన్ను ముందుగా మన వైపు లాక్కోవాలి. తిప్పేటప్పుడు వెన్ను తోలును వదలకూడదు. వాదర గాల్లో తిరిగి వచ్చి నిదానంగా ఆనాలి. వాదర మీద దొర్లిస్తే తోలు కోసుకుపోతుంది, అంచు చుట్టుకుపోతుంది, రెండు నష్టాలు ఒకే దెబ్బలో. కొత్తవాడి పట్టాలో గాట్లు ఎప్పుడూ రెండు చివర్లలోనే ఉంటాయి, నడుమ ఉండవు. తప్పు ఎక్కడ జరుగుతోందో తోలే సాక్ష్యం చెబుతుంది.

బరువు ఎంత? కత్తి బరువు చాలు. చేతి బరువు దాని మీద వేయకూడదు. వెన్ను తోలుకు గట్టిగానే ఆనాలి, వాదర తడిమినట్టు ఆనాలి. వేగం సంగతి అడగొద్దు. అనుభవజ్ఞుడి పట్టా టపటపమని మోగుతుంది. అది నలభై ఏళ్ళ చప్పుడు. కొత్తవాడికి ఒక రాకపోకకు రెండు మూడు సెకన్లు పట్టినా నష్టం లేదు. వేగం దానంతట అదే వస్తుంది, తెచ్చుకోబోతే గాటు వస్తుంది.

లెక్క ఇలా పెట్టుకోవచ్చు: రానూ పోనూ కలిపి ఒకటి అనుకుంటే గుడ్డ ముఖం మీద 20 నుంచి 30, తోలు ముఖం మీద 50 నుంచి 60. గుడ్డ సబ్బు మరకను, కంటికి కనబడని తుప్పు పొరను తుడుస్తుంది. తోలు అంచును సరిచేస్తుంది. గీసుకోవడానికి ముందు ఇది తప్పదు. గీసుకున్నాక గుడ్డ మీద అయిదారుసార్లు లాగితే తడి పోతుంది. తోలు నున్నగా జారుతున్నప్పుడు చేతికి ఒక సన్నని పట్టు తెలుస్తుంది. ఆ పట్టు లేకుండా గాజు మీద జారినట్టుంటే తోలు ఎండిందన్నమాట. అప్పుడు శుభ్రమైన అరచేత్తో పట్టాను పైనుంచి కిందికి కాసేపు రుద్దాలి. చేతి వేడి, చర్మపు కొద్దిపాటి జిడ్డు దానికి చాలు. నూనె గుమ్మరించకూడదు. నూనె పీల్చిన తోలు మెత్తబడి వాదర కింద కుంగుతుంది.

చేయి కుదిరేదాకా అసలు కత్తి పట్టకపోవడం మంచి పద్ధతి. రొట్టెకు వెన్న రాసే పదునులేని చాకుతో వారం పది రోజులు పట్టా మీద తిప్పడం సాధన చేయాలి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వాలి.

గాటు పడితే? చిన్నదైతే సన్నని గరుకు కాగితంతో దాని అంచులు మెల్లగా రుద్ది చదును చేయవచ్చు. తోలు రేకులా లేచి ఉంటే దాన్ని అతికించాలి, లేకపోతే ప్రతి లాగుకూ వాదర దానికి తట్టుకుంటుంది. అడ్డంగా లోతుగా తెగితే ఆ పట్టా పని అయిపోయినట్టే.

సానరాయి

పట్టా మీద లాగినా గడ్డం పీకుతున్నట్టు అనిపిస్తే రాయి అవసరం వచ్చింది. రోజూ గీసుకునేవారికి రెండు మూడు నెలలకోసారి, పట్టా పని కుదిరినవారికి ఆరు నెలలకోసారి. దిశ ఇక్కడ తలకిందులు. పట్టా మీద వెన్ను ముందు, రాయి మీద వాదర ముందు. రెండింటినీ కలగలిపినవాడు మొదటి లాగుకే తోలును చీలుస్తాడు.

కోణం లెక్కపెట్టే పని కొత్తవాడికి లేదు. ఆ లెక్క కత్తి చేసినవాడే వెన్నులో దాచిపెట్టాడు. 19 మి.మీ. వెడల్పు, 5.5 మి.మీ. వెన్ను మందం ఉన్న కత్తిని రాయి మీద పడుకోబెట్టి నూరితే వాదరకు రెండు పక్కలా ఏర్పడే వాలులు కలిసే కోణం 16, 17 డిగ్రీల మధ్య వస్తుంది. వంటింటి చాకుల కోణం దాదాపు దీనికి రెట్టింపు. నూరినకొద్దీ వాదరతోపాటు వెన్నూ అరుగుతుంది కాబట్టి కోణం పెద్దగా మారదు. వెన్ను ఎత్తి పట్టి నూరితే ఈ ఏర్పాటంతా పాడవుతుంది. మడత కత్తుల్లో ఇంత తెలివైన రూపకల్పన ఇంకొకటి కనబడదు.

రాళ్ళకు గరుకును బట్టి నంబర్లుంటాయి. 1000 నంబరు రాయి పొడి రేణువు సుమారు 15 మైక్రాన్లు. పాడైన వాలును మళ్ళీ తీయడానికే అది. 4000, 5000 నడిమి మెట్టు. 8000 దగ్గర రేణువు రెండు మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, గడ్డానికి పనికొచ్చే పదును అక్కడ మొదలవుతుంది. 12000 మెరుగు. బెల్జియం పసుపు రాయి, జపాను కొండరాళ్ళు వంటి సహజ రాళ్ళకూ పేరుంది. రాయి చదునుగా లేకపోతే నంబరు ఎంతున్నా దండగ. కొత్తవాడు 1000 నంబరు జోలికి పోకుండా, మొదటి పదును చేయి తిరిగినవారితో పెట్టించుకుని, తాను 8000 మీద పది పదిహేను తేలిక లాగులతో తాజా చేసుకోవడం మేలు. క్రోమియం ఆక్సైడు ఆకుపచ్చ పూత రాసిన వేరే పట్టా ఉంటే రాయి దాకా వెళ్ళే అవసరం ఇంకా వెనక్కి జరుగుతుంది. ఆ పూత మామూలు తోలు పట్టాకు అంటనివ్వకూడదు.

వీధిలో చక్రం తిప్పుతూ కత్తులకు సాన పట్టేవారికి మాత్రం దీన్ని ఇవ్వకూడదు. వాళ్ళ పని మీద చిన్నచూపుతో చెప్పే మాట కాదిది. కత్తిపీటకు, కత్తెరకు ఆ చక్రం సరిపోతుంది. మంగలికత్తి వాదర అంత పలుచగా ఉండటం వల్ల నిప్పురవ్వలు లేచే వేడికి దాని గట్టిదనం దిగిపోతుంది. నీలిరంగు తిరిగిన అంచు మళ్ళీ పదును నిలుపదు.

పదును వచ్చిందా లేదా చూడటానికి తల వెంట్రుకను వేళ్ళతో వేలాడదీసి వాదరకు తాకించే పరీక్ష ప్రసిద్ధం. తాకగానే తెగాలి. కానీ లావు వెంట్రుక తెగినంత తేలికగా సన్నది తెగదు కాబట్టి ఎప్పుడూ ఒకరి తలవెంట్రుకతోనే చూడాలి. బొటనవేలిని వాదర మీద నిలువునా జరపకూడదు, అడ్డంగా తేలికగా తడిమితే చర్మాన్ని పట్టుకున్నట్టు తెలుస్తుంది. గోరు మీద వాదరను లాగి చూడటం పాత అలవాటు. అప్పుడే నూరిన అంచును అది పాడుచేస్తుంది, మానుకోవాలి.

బొగ్గు ఊళ్ళో కత్తి

రామగుండం చుట్టూ గాలిలో రెండు రకాల పొడి ఉంటుంది. ఓపెన్‌కాస్టు గనుల నుంచి, లారీల దారుల నుంచి లేచే బొగ్గు, మట్టి దుమ్ము ఒకటి. విద్యుత్ కేంద్రాల బూడిద ఇంకొకటి. బొగ్గు మెత్తనిదే. దానితో కలిసి వచ్చే ఇసుకరేణువులు, బూడిదలోని సిలికా మెత్తనివి కావు. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో క్వార్ట్జు ఏడో మెట్టు, గట్టిపరిచిన ఉక్కుకూ గీత పెట్టగలదు. గోడకు తెరిచి వేలాడదీసిన పట్టా మీద ఈ పొడి పడి తోలులో దిగితే, నునుపు తేవలసిన పట్టా గరుకు కాగితం అవుతుంది. కారణం తెలియక కత్తిని తిట్టుకుంటూ ఉంటాం. అందుకని ఇక్కడ పట్టాకు గుడ్డ సంచి తొడగడం అలంకారం కాదు. సంచి తీయగానే మెత్తని పొడిగుడ్డతో ఒకసారి, అరచేత్తో ఒకసారి తుడిచి అప్పుడు కత్తి ఆనించాలి.

ముఖానిదీ అదే సంగతి. షిఫ్టు దిగి వచ్చి స్నానం చేయకుండా గీసుకోవడం వల్ల గడ్డంలో ఇరుక్కున్న రేణువులు వాదరను తింటాయి. సబ్బుతో ముఖం కడిగి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నురుగు పెట్టాలి. ఉప్పునీళ్ళలో నురుగు నిలవదు, మంచినీళ్ళు వాడితే సబ్బూ కలిసొస్తుంది.

గనిలోకి దిగేముందు గీసుకోవడం గురించి ఒక హెచ్చరిక. ప్రపంచంలో బొగ్గుగనులు ఉన్నచోటల్లా కార్మికుల ఒంటి మీద నీలిమచ్చలు కనబడతాయి. తెగినచోట బొగ్గు పొడి చేరి, దాని మీద చర్మం మూసుకుంటే పచ్చబొట్టులా మిగిలిపోతుంది. కత్తి కొత్తగా నేర్చుకునేవాడికి గాట్లు ఖాయం. కాబట్టి నేర్చుకునే రోజుల్లో షిఫ్టు దిగి వచ్చాక, లేదా వారపు సెలవు నాడు గీసుకోవడం ఉత్తమం. రక్తం వస్తే పటిక ముక్క తడిపి అద్దితే ఆగుతుంది. ఆ పటిక చేతితో కత్తి ముట్టుకోకూడదు, దాని తడికి ఉక్కు త్వరగా మచ్చపడుతుంది. గడ్డం అసలు గీయనక్కరలేదు అనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ముఖమంతా కప్పే శ్వాస పరికరం తొడిగి పొగలోకి వెళ్ళే గని రక్షక దళాలకు గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి అతుక్కోదు, సందుల్లోంచి విషవాయువు లోపలికి వస్తుంది.

వానాకాలం ఈ కత్తికి పరీక్షాకాలం. మంగలికత్తులు ఎక్కువగా ఒక శాతం చుట్టూ కార్బన్ ఉన్న మామూలు ఉక్కువి, స్టెయిన్‌లెస్ కావు. ఒక్క నీటిచుక్క రాత్రంతా ఉంటే తెల్లారేసరికి ఎర్రచుక్క. వాదర మీద పడిన తుప్పు చుక్కను తీయాలంటే ఆ మేరకు ఉక్కునే అరగదీయాలి. గీసుకున్నాక కత్తిని పారే నీటిలో కడిగి, వెన్ను వైపు నుంచి వాదర వైపుకు మెత్తని గుడ్డతో తుడవాలి, అడ్డంగా కాదు. పిడి పలకల మధ్య తడిని పాత కాగితపు ముక్క దూర్చి తీయాలి. కీలు దగ్గర మొదలైన తుప్పు బయటికి కనబడేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. తర్వాత కుట్టుమిషను నూనె ఒక చుక్క వేలితో పూయాలి. కొబ్బరినూనె ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చేయి అటే పోతుంది. అది చలికి గడ్డకడుతుంది. స్నానాలగదిలో కత్తిని ఉంచకూడదు. చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి కత్తి పెట్టెలో వేసుకుంటే ఖర్చులేని కాపలా.

ఎండాకాలం తోలుకు కష్టం. మే నెలలో ఎండ 45 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడు పడమటి గోడకు వేలాడిన పట్టా అంచులు ముడుచుకుంటాయి. కూలరు గాలి నేరుగా తగిలేచోట పెడితే చెమ్మపట్టి సాగుతుంది. లోపలి గదిలో, చుట్టకుండా, మడవకుండా, నిలువుగా వేలాడదీయడం ఒక్కటే దారి.

గీసుకునేటప్పుడు

దీని గురించి కొంచెమే చెప్పుకోవాలి, మిగతాది అద్దం చెబుతుంది. కత్తిని చర్మానికి 30 డిగ్రీల వాలులో, అంటే వెన్నుకూ చర్మానికీ మధ్య దాదాపు ఒకటిన్నర వెన్నుల మందమంత సందు ఉండేలా పట్టాలి. రెండో చేత్తో చర్మం బిగదీయాలి. వెంట్రుక మొలిచిన దిక్కునే లాగాలి. మొదటి వారం చెంపలు మాత్రమే, మిగిలిన ముఖం మామూలు రేజరుతో. గడ్డం కింద, పెదవి చుట్టూ చేయి కుదిరాకే. వాదర ఎన్నడూ దాని పొడవు వెంట జారకూడదు. కూరగాయ కోసినట్టు జారితే తెగేది వెంట్రుక కాదు.

ఒకరి కత్తి ఒకరిదే

హెపటైటిస్-బి వైరసు ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కత్తిని స్పిరిట్‌తో తుడవవచ్చు, తోలు పట్టాను సూక్ష్మక్రిములు లేకుండా చేయడం కుదరదు. ఈ కత్తిని దించింది హెచ్‌ఐవీ భయమే అయినా, షాపులు మళ్ళీ వెనక్కి పోకూడదనడానికి ఇదీ ఒక కారణం. ఇంట్లో కూడా తండ్రీకొడుకులు ఒకే కత్తి, ఒకే పట్టా పంచుకోకూడదు.

పాత కత్తి దొరికితే

తాత అడపంలోంచో, సంతలోంచో పాత కత్తి చేతికి వస్తే కొనేముందు, నూరేముందు దాన్ని చదునైన గాజుపలక మీద పడుకోబెట్టి చూడాలి. వెన్ను, వాదర మొత్తం గాజును ఆనుతున్నాయా, మూల ఎక్కడైనా ఊగుతోందా చూడాలి. వెన్ను మీది మరకలు, పిడి పగుళ్ళు పెద్ద లోపాలు కావు. వాదర దగ్గర నల్లని గుంతలు లోతుగా ఉంటే, వెంట్రుకవాసి చీలిక కనబడితే ఆ కత్తిని పెట్టెలో జ్ఞాపకంగా ఉంచుకోవడమే. వాదర నడుమ లోపలికి వంగి కొస, మడమ ముందుకు వచ్చి ఉంటే ఎగుడుదిగుడు రాయి మీద ఏళ్ళ తరబడి నూరారని అర్థం. సరిచేయవచ్చు, కానీ అది మొదటి కత్తిగా పనికిరాదు. వెన్ను రెండు పక్కలా అరుగుదల చారలు ఒకే వెడల్పున ఉన్నాయేమో వెలుతురుకు పట్టి చూడాలి. ఒక పక్క వెడల్పుగా, రెండో పక్క సన్నగా ఉంటే, దాన్ని నూరిన మనిషి చేయి ఏ పక్క ఎక్కువ మోపేదో ఆ చారల్లో ఇంకా కనబడుతుంది.